చుక్క పక్కన ప్రశ్న: డెస్క్‌టాప్ డేటాబేసుల కథ

1970 జూన్‌లో అమెరికాలో కంప్యూటర్ శాస్త్రజ్ఞుల పత్రిక ఒకదాంట్లో పదకొండు పేజీల వ్యాసం వచ్చింది. రాసినాయన ఎడ్గర్ కాడ్. ఇంగ్లండులో పుట్టి, రెండో ప్రపంచయుద్ధంలో విమానాలు నడిపి, తర్వాత అమెరికా వెళ్ళి ఐబీఎంలో చేరిన లెక్కల మనిషి. వ్యాసం నిండా గణితమే. కానీ మొదటి వాక్యం అర్థం కావడానికి గణితం అక్కర్లేదు. సమాచారం యంత్రం లోపల ఎలా పేర్చి ఉందో తెలుసుకోవాల్సిన బాధ నుంచి, దాన్ని వాడుకునేవాళ్ళని కాపాడాలి అంటాడు. ‘కాపాడాలి’ అన్న మాట దగ్గర నేనెప్పుడూ ఆగిపోతాను. ఇంజనీర్లు మామూలుగా వాడే మాట కాదది.

అంత ప్రమాదం ఏముండేది? ఒక అద్దె నవలల షాపు ఊహించుకోండి. సభ్యులున్నారు, పుస్తకాలున్నాయి, ఎవరు ఏది ఎప్పుడు తీసుకెళ్ళారన్న లెక్క ఉంది. అప్పటి పద్ధతిలో (అపోలో కార్యక్రమం కోసం పుట్టిన ఐబీఎం వారి ఐఎంఎస్ లాంటివి) ఈ సమాచారాన్ని చెట్టులా పేర్చేవారు. పైన సభ్యుడు, అతని కింద అతను తీసుకెళ్ళిన పుస్తకాలు. ‘ఫలానా ఆయన దగ్గర ఏ పుస్తకాలున్నాయి?’ అంటే క్షణంలో జవాబు. ‘ఫలానా నవల ఎవరెవరి దగ్గరుంది?’ అంటే మాత్రం ప్రతి కొమ్మా ఎక్కి దిగాలి. అందుకు ఒక ప్రోగ్రామరు కావాలి, వారమో పదిరోజులో టైమూ కావాలి. పేర్చినవాడు ముందే ఊహించిన ప్రశ్నకే జవాబు సులువు. 1973లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న చార్లెస్ బాక్‌మన్ తన ఉపన్యాసంలో ప్రోగ్రామర్ని నావికుడితో పోల్చాడు, అదీ గర్వంగానే. కాడ్ బాధ సరిగ్గా అదే. జవాబు కావలసినవాడికి నావికుడి అవసరం ఎందుకుండాలి?

ఆయన చెప్పిన మందు చాలా సాదా. అన్నీ పట్టికలే. సభ్యులొక పట్టిక, పుస్తకాలొక పట్టిక, అద్దెలొక పట్టిక. ఏ పట్టికా ఇంకోదాని కింద ఉండదు. విలువలు కలిసిన చోట వరుసలు కలుస్తాయి, అంతే. ‘రిలేషనల్’ అంటే పట్టికల మధ్య సంబంధాలని చాలామంది అనుకుంటారు, ఇంటర్వ్యూల్లో కూడా అదే చెప్తారు. గణితంలో రిలేషన్ అంటే ఆ పట్టికే.

ఐఎంఎస్ మీద బాగా సంపాదిస్తున్న ఐబీఎంకి ఈ ఆలోచన ఒంటబట్టడానికి చాలా ఏళ్ళు పట్టింది. 1974లో డోనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ అనే ఇద్దరు ‘సీక్వెల్’ అని ఒక భాష తయారుచేశారు. ఆ పేరు మీద ఇంకో కంపెనీకి హక్కుండటంతో అది ఎస్‌క్యూఎల్ అయింది. బాయిస్ అదే ఏడాది, చిన్న వయసులోనే, హఠాత్తుగా చనిపోయాడు. ప్రోగ్రామింగ్ రానివాళ్ళు కూడా ఇందులో ప్రశ్నలు రాసుకోగలగాలని ఆ ఇద్దరి ఆశ. జరిగింది వేరు. ఎస్‌క్యూఎల్ ప్రోగ్రామర్ల భాషై కూర్చుంది. నేను అన్నం తినేది దానివల్లే కనక దాన్ని తిట్టలేను.

అయితే కాడ్ మాట గుమాస్తాల దాకా వచ్చింది. వచ్చిన దారి మాత్రం ఐబీఎం నుంచి కాదు, ఫుట్‌బాల్ పందెం నుంచి.

కాలిఫోర్నియాలో జెట్ ప్రొపల్షన్ లాబరేటరీ అని ఉంది, గ్రహాల మీదకి నౌకలు పంపే చోటు. అక్కడ పనిచేస్తున్న వేన్ రాట్లిఫ్ ఆఫీసు వాళ్ళతో ఫుట్‌బాల్ పందేలు కాసేవాడు. గెలవాలంటే పాత ఆటల లెక్కలు చూడాలి. పేపర్లన్నీ నేలమీద పరుచుకుని కూర్చున్నాడు, ఇది చేత్తో అయ్యే పని కాదని తేలిపోయింది. ఇంట్లో ఇమ్‌సాయ్ 8080 అనే కంప్యూటర్ ఉంది, కిట్టు కొని బిగించుకునే రకం. లాబ్‌లోని పెద్ద యూనివాక్ యంత్రం మీద జెబ్ లాంగ్ అనే ఆయన రాసిన జేపీఎల్‌డిస్ అనే డేటా ప్రోగ్రాం ఉంది. దాని నమూనా మీద 1978లో ఇంటి యంత్రం కోసం రాట్లిఫ్ సొంతంగా ఒకటి రాసుకున్నాడు. స్టార్ ట్రెక్ అభిమాని కాబట్టి ‘వల్కన్’ అని పేరు పెట్టాడు. అది పూర్తయ్యేసరికి ఫుట్‌బాల్ మీద ఆసక్తి పోయింది.

జార్జ్ టేట్, హాల్ లాష్లీ అనే ఇద్దరు వ్యాపారులు దాన్ని అమ్మడానికి తీసుకుని, ‘డీబేస్ 2’ అని పేరు మార్చారు. డీబేస్ 1 ఎప్పుడూ లేదు. రెండు అంటే మొదటిదాంట్లో తప్పులు దిద్దేశారని కొనేవాడు అనుకుంటాడు కదా! కంపెనీ పేరు ఆష్టన్-టేట్. అందులో ఆష్టన్ అనే మనిషి కూడా లేడు. లేని వెర్షను, లేని భాగస్వామి, వీటి మధ్య ఉన్నదల్లా ఒక మంచి సాఫ్ట్‌వేరు.

డీబేస్ తెరిస్తే తెర మీద ఒక చుక్క కనపడేది. ఇంకేం లేదు. మెనూల్లేవు, బొమ్మల్లేవు. చుక్క పక్కన మీరేదో ఒకటి టైపు చెయ్యాలి. ‘యూజ్ సభ్యులు’ అంటే ఆ ఫైలు తెరుచుకుంటుంది. ‘లిస్ట్ ఫర్ బాకీ > 50’ అంటే యాభై రూపాయల కన్నా ఎక్కువ బాకీ ఉన్నవాళ్ళ జాబితా గబగబా దిగుతుంది. ‘అపెండ్’ అంటే కొత్త సభ్యుణ్ణి చేర్చుకోవడానికి ఖాళీ ఫారం. ప్రశ్నకీ జవాబుకీ మధ్య మూడో మనిషి లేడు. పది క్రియాపదాలు నేర్చుకుంటే ఏ గుమాస్తా అయినా తన లెక్కల్ని తనే నిలదీయొచ్చు. కాడ్ కలగన్నది ఇదేనా అంటే, సగం ఇదే.

మిగతా సగంలో డీబేస్ అచ్చమైన నాస్తికురాలు. రెండు పట్టికల్ని కలపాలంటే ఒక్కోదాన్నీ ఒక్కో ‘వర్క్ ఏరియా’లో తెరవాలి, ఇండెక్స్ ఉందో లేదో చూసుకోవాలి, ‘సెట్ రిలేషన్’ అని ఒకదాని వెనక ఒకటి నడిచేలా తాడు కట్టాలి. అంటే మళ్ళీ నావికుడే. కాకపోతే ఈసారి పడవ చిన్నది, నావికుడు మీరే. 1985లో కాడ్‌కి విసుగొచ్చి కంప్యూటర్‌వరల్డ్ అనే పత్రికలో పన్నెండు నియమాలు ప్రకటించాడు. ప్రతి కంపెనీ తన సరుక్కి ‘రిలేషనల్’ అని ముద్రేసుకుంటున్న రోజులవి. ఆ పన్నెండింటితో కొలిస్తే డీబేస్ ఎక్కడా నిలబడదు. కానీ కాడ్ మొదటి వాక్యానికి కట్టుబడింది ఎవరని అడిగితే, నియమాలు పాటించిన పెద్ద యంత్రాల కన్నా ఈ నాస్తికురాలే ఎక్కువ దగ్గరగా వచ్చిందని నా అభిప్రాయం.

ప్రశ్నలడగడం సరే, రికార్డుల్ని కాపాడుకోవడం ఇంకో ఎత్తు. ఆ రోజుల సంరక్షణ పనుల గురించి చదువుతుంటే నాకు ఖాతా పుస్తకాలు రాసే గుమాస్తాలు గుర్తొస్తారు. ఖాతాలో తప్పు పడితే కాగితం చింపరు, అడ్డంగా గీత కొడతారు. డీబేస్ కూడా అంతే. ‘డిలీట్’ అంటే రికార్డు పోదు. దాని ముందున్న ఒక బైటులో ఖాళీకి బదులు నక్షత్రం గుర్తు పడుతుంది. మనసు మారితే ‘రికాల్’ అనొచ్చు, నక్షత్రం పోతుంది, మనిషి తిరిగొస్తాడు. ‘ప్యాక్’ అని కొట్టినప్పుడే నిజంగా చెరిగిపోవడం. ఒక్క బైటుతో పశ్చాత్తాపానికి చోటిచ్చిన ఈ ఏర్పాటు నాకు చాలా ఇష్టం. ఇప్పుడు మేమంతా ‘సాఫ్ట్ డిలీట్’ అని గొప్పగా డిజైన్ మీటింగుల్లో చెప్పుకునేది దీన్నే.

ఇండెక్సుల సంగతి అంత ముచ్చటగా ఉండేది కాదు. పేరు ప్రకారం వెతకడానికి ఒక ఇండెక్స్ ఫైలు విడిగా ఉండేది. దాన్ని తెరవకుండా పదిమంది కొత్త సభ్యుల్ని చేరిస్తే, వాళ్ళు అసలు ఫైల్లో ఉంటారు, ఇండెక్సులో ఉండరు. రేపు ఇండెక్స్ పెట్టి వెతికితే ‘ఇలాంటివారెవరూ లేరు’ అంటుంది. ఎదురుగా రసీదు పట్టుకుని మనిషి నిలబడే ఉంటాడు! ‘రీఇండెక్స్’ కొడితే గానీ వాళ్ళకి ఉనికి లేదు. ఇంకోటి, ఫైలు మొదట్లో మొత్తం రికార్డులెన్నో ఒక అంకె ఉంటుంది. ఫైలు సరిగ్గా మూసినప్పుడు అది సవరించబడుతుంది. మూసేలోపు కరెంటు పోతే చాలాసార్లు ఆ అంకె పాతదే ఉండిపోయేది, అప్పటిదాకా ఎక్కించినవి లెక్కలోకి రాకుండా పోయేవి. ఎనభైల్లో మన ఊళ్ళ కరెంటు గురించి మీకు వేరే చెప్పాలా?

మన దగ్గరకి ఈ సరుకు కోర్సుల రూపంలో వచ్చింది. వర్డ్‌స్టార్, లోటస్, డీబేస్: ఎనభైల చివర్లో, తొంభైల మొదట్లో కంప్యూటర్ నేర్చుకోవడమంటే ఈ మూడే. ఆ తర్వాత అమీర్‌పేట బోర్డుల మీద ఫాక్స్‌ప్రో చేరింది. ఫీల్డు పొడవు ముందే తేల్చి చెప్పాలన్నది ఈ కోర్సుల్లో మొదటి పాఠం. పేరుకి 20 అక్షరాలు అని ఒకసారి రాశారంటే ఎవరికైనా 20 మాత్రమే. ఇక్కడే మన పేర్లకి చిక్కొచ్చింది. వెంకటలక్ష్మీనరసింహశాస్త్రి అనే పెద్దమనిషి పేరు ఇంగ్లీషులో 29 అక్షరాలు. ఇరవై దగ్గర కోస్తే ‘నరసి’ దగ్గర ఆగుతుంది. పోనీ తెలుగులో రాద్దామా? పుణేలోని సీ-డాక్ వాళ్ళ జిస్ట్ కార్డు బిగించుకుంటే డాస్ ప్రోగ్రాముల్లో కూడా మన లిపులు కనపడేవి. అదే పేరు కంటికి 11 అక్షరాలే. కానీ ఇస్కీ పద్ధతిలో గుణింతానికీ, పొల్లుకీ, సున్నాకీ విడివిడిగా ఒక్కో బైటు, మొత్తం 26. ఇరవై దగ్గర కోస్తే ఆయన ‘శా’తో మిగులుతాడు. పొడవు నలభై పెడదామంటే 5,000 మంది సభ్యులకి అదనంగా లక్ష బైట్లు, అంటే ఆనాటి 360 కేబీ ఫ్లాపీలో పావు వంతు పైమాటే. మన రికార్డుల్లో పేర్లు పొడి అక్షరాలుగా, ఇంటిపేరు ఒక ఇనిషియల్‌గా కుదించుకుపోవడానికి కాగితం ఫారాలది ఎంత పాపమో, ఈ ఫీల్డు పొడవులదీ అంతే పాపమని నా అనుమానం.

ఇంతలో ఆ చుక్క భాష ఎవరిదన్న గొడవ కోర్టుకెక్కింది. జార్జ్ టేట్ 1984లో నలభయ్యేళ్ళకే గుండె ఆగి పోయాడు. నాలుగేళ్ళ తర్వాత వచ్చిన డీబేస్ 4 తప్పుల తడక. ఈలోగా ఒహాయోలో డేవిడ్ ఫుల్టన్ నడిపే ఫాక్స్ సాఫ్ట్‌వేర్ అనే చిన్న కంపెనీ అదే భాషని, అవే ఫైళ్ళని వాడుతూ ఎన్నో రెట్లు వేగంగా పనిచేసే ఫాక్స్‌బేస్ అమ్ముతోంది. 1988లో ఆష్టన్-టేట్ వాళ్ళ మీద కేసు వేసింది. ఆ భాషే మాది అంది. ఇందులో పణంగా ఉన్నది రెండు కంపెనీల లాభాలు మాత్రమే కాదు. ఆపాటికి వేలమంది ఆ భాషలో తమ దుకాణాల, ఆఫీసుల, ఆసుపత్రుల లెక్కలు రాసుకుని ఉన్నారు. ‘లిస్ట్’, ‘డిలీట్’, ‘ప్యాక్’ అన్న క్రియాపదాలకి యజమాని ఉంటే, వాటితో అడిగిన ప్రశ్నలకి కూడా ఉన్నట్టే కదా.

1990 డిసెంబరులో లాస్ ఏంజలస్ జడ్జి టెరీ హాటర్ ఎవరూ ఊహించని తీర్పిచ్చాడు. డీబేస్ మూలం జేపీఎల్‌డిస్ అనీ, ప్రజల సొత్తయిన ఆ ప్రోగ్రాం సంగతి కాపీరైట్ ఆఫీసుకి చెప్పకుండా దాచారనీ, కాబట్టి ఆష్టన్-టేట్ కాపీరైటే చెల్లదనీ. ఇంట్లో కూర్చుని ఫుట్‌బాల్ కోసం రాసుకున్న ప్రోగ్రాంకి లాబ్‌లోని పూర్వీకుడు పన్నెండేళ్ళ తర్వాత కోర్టులో ప్రత్యక్షమయ్యాడు. కొన్ని నెలలకి ఆ జడ్జే తీర్పు వెనక్కి తీసుకున్నాడు. కానీ 1991లో ఆష్టన్-టేట్‌ని బోర్లాండ్ కొన్నప్పుడు, ఆ భాష మీద హక్కులు అడగకూడదని అమెరికా న్యాయశాఖ షరతు పెట్టింది. గొడవ అలా చల్లారింది. మరుసటి ఏడాది ఫాక్స్‌ని మైక్రోసాఫ్ట్ కొనేసింది.

ఇప్పటిదాకా చెప్పింది టైపు చేసి అడిగే దారి. ఇంకో దారి ఉంది, నా దృష్టిలో ఇంకా అందమైనది. డెబ్బైల మధ్యలో ఐబీఎంలోనే మోషే జ్లూఫ్ అనే ఆయనకి ఒక ఆలోచన వచ్చింది. ప్రశ్నని వాక్యంలా రాయించడం ఎందుకు? ఖాళీ పట్టిక చూపించి, మీకు కావలసిన జవాబు ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ నింపమంటే సరిపోదా? సభ్యుల పట్టికలో సంఖ్య దగ్గర ఏదో ఒక నమూనా విలువ రాస్తారు, అద్దెల పట్టికలో కూడా అదే విలువ రాస్తారు. ఆ రెండూ ఒకటేనని యంత్రం గ్రహిస్తుంది. తాళ్ళు కట్టక్కర్లేదు, ‘జాయిన్’ అన్న మాట కూడా తెలియక్కర్లేదు. ‘క్వెరీ బై ఎగ్జాంపుల్’ అన్నాడు దాన్ని. పిల్లలకి మనం మాటలు నేర్పే పద్ధతి ఇదే.

1985లో వచ్చిన పారడాక్స్ దీన్ని డెస్క్‌టాప్ మీదకి తెచ్చింది. 1992 నవంబరులో మైక్రోసాఫ్ట్ ఆక్సెస్ దీన్ని ఇంటింటికీ చేర్చింది. డీబేస్ లాంటివి ఏడొందల డాలర్ల దరిదాపుల్లో అమ్ముతుంటే ఆక్సెస్‌ని మొదట్లో 99 డాలర్లకి ఇచ్చారు. అందులో పట్టికల మధ్య మౌసుతో గీత గీస్తారు. సభ్యుడి పేరు మీద అద్దె పుస్తకాలుండగా ఆ సభ్యుణ్ణి తీసేయబోతే కుదరదంటుంది, అలా కాపాడమని మీరు ముందే చెప్పి ఉంటే. కింద గళ్ళలో షరతులు రాస్తారు. ఒకే వరుసలో రాస్తే అవన్నీ కలిసి ఉండాలి, వేర్వేరు వరుసల్లో రాస్తే ఏదో ఒకటి చాలు. వెనక అది తయారుచేసే ఎస్‌క్యూఎల్‌ని ఒక్క క్లిక్కుతో చూడొచ్చు. ఆ కిటికీలోంచే ఎస్‌క్యూఎల్ నేర్చుకున్నవాళ్ళు నా సహోద్యోగుల్లో కొందరున్నారు.

అంత సులువైన గళ్ళలో కూడా ఒక గోతి ఉంది, అది కాడ్ తవ్విందే. డీబేస్‌లో బాకీ గడి ఖాళీగా వదిలేస్తే లెక్కల్లో అది సున్నా కిందే లెక్క. బాకీ లేనివాడూ, బాకీ ఎంతో తెలియనివాడూ ఒకటే. ఇది తప్పన్నాడు కాడ్, తెలియనిదానికి విడిగా ‘నల్’ అని గుర్తుండాలన్నాడు. ఆక్సెస్ ఆ మాట విన్నది. ఇప్పుడు ఊరు = విజయవాడ అని అడగండి, ఒక జాబితా వస్తుంది. ఊరు విజయవాడ కానివాళ్ళని అడగండి, ఇంకో జాబితా వస్తుంది. రెండూ కలిపితే అందరూ రావాలి కదా. రారు. ఊరి గడి ఖాళీగా ఉన్న మనిషి రెండింట్లోనూ ఉండడు. తెలియనిది విజయవాడతో సమానమా అంటే ‘తెలియదు’, కాదా అన్నా ‘తెలియదు’. తర్కం ప్రకారం తప్పు లేదు. అద్దె షాపులో అయితే ఒక పోస్టుకార్డు వెళ్ళదు, అంతే. అదే గడి పింఛను జాబితాలో ఖాళీగా ఉంటే? ‘ఊరు ఖాళీగా ఉన్నవాళ్ళు’ అని మూడో ప్రశ్న ఎవరో ఒకరు ప్రత్యేకంగా అడిగినప్పుడే ఆ మనిషి కనపడతాడు. అడగాలని తోచాలంటే, ఎవరెవరి గడులు ఖాళీగా ఉన్నాయో ఆ జాబితాతో రోజూ మెలిగేవాడై ఉండాలి. నాలాంటి దూరపు ప్రోగ్రామర్‌కి అది తోచదు.

అందుకే తర్వాత జరిగింది నాకు అంత సంతోషంగా అనిపించదు. నెట్‌వర్కులు వచ్చాయి, పదిమంది ఒకే ఫైలు తెరిస్తే అవి పాడవడం మొదలైంది, వెబ్ వచ్చింది. డేటా మళ్ళీ పెద్ద యంత్రాల్లోకి వెళ్ళింది. మైక్రోసాఫ్ట్ 2007లో ఫాక్స్‌ప్రోకి ఇంక కొత్త వెర్షన్ లేదని చెప్పేసింది, 2015తో సపోర్టు కూడా ఆపేసింది. ఆక్సెస్ ఇంకా ఉంది గానీ దాని పేరెత్తితే మావాళ్ళు నవ్వుతారు. ఇప్పుడు ఆఫీసుల్లో ఒకరికి ప్రశ్న వస్తే టికెట్ పెడతారు, నేనో నాలాంటివాడో క్వెరీ రాసి ఫలితం పంపిస్తాం. వాళ్ళు దాన్ని ఎక్సెల్లో పోసుకుని, అప్పుడు గానీ తమకి కావలసిన అసలు ప్రశ్న అడుక్కోరు. బాక్‌మన్ నావికుడు జీతం పెంచుకుని తిరిగొచ్చాడు.

రాట్లిఫ్ ఫైలు పద్ధతి మాత్రం పోలేదు. మ్యాపులు తయారుచేసేవాళ్ళు ప్రపంచమంతా వాడే ‘షేప్‌ఫైల్’లో గీతలు ఒక ఫైల్లో ఉంటాయి, ఊళ్ళ పేర్లూ జనాభా అంకెలూ పక్కనే ఇంకో ఫైల్లో ఉంటాయి. ఆ రెండోది డీబేస్ ఫైలే. మన మండలాల, గ్రామాల మ్యాపులు ఈ రూపంలో దింపుకున్నా అంతే, లోపల ప్రతి రికార్డు ముందూ ఆ నక్షత్రం కోసం ఒక బైటు ఖాళీగా ఎదురు చూస్తుంటుంది. కాలమ్ పేరుకి పది బైట్లే అన్న పాత నియమం కూడా అలాగే ఉంది. ఇప్పటి యూనికోడ్ పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటీ మూడు బైట్లు. ‘ఊరిపేరు’ అని కాలమ్ పెడితే తొమ్మిది బైట్లలో మూడు గుర్తులు పడతాయి, పదో బైటు దేనికీ చాలదు. ‘ఊరి’ మిగులుతుంది, ‘పేరు’ పోతుంది.